దొరసాని పొట్ట మీద జుట్టు

దొరసాని జబ్బుకి సవరాలక్క జుట్టు పనే కారణమట. ఆ మాట ముందు ఇంట్లో పుట్టింది, తర్వాత మేడంతా పాకింది, చివరికి వీధి మొగలో ఇస్త్రీ బండి దగ్గరికి కూడా చేరింది. ఒక్కళ్ళంటే ఒక్కళ్ళు కూడా "నువ్వు కళ్ళారా చూశావా?" అని అడిగిన పాపాన పోలేదు. పిల్లి వెంట్రుకల ఉండలు కక్కుతోంది, ఆ ఇంట్లో ఒకావిడ వెంట్రుకలతో పనిచేస్తోంది, ఇంక వేరే సాక్ష్యం దేనికి?

అసలు ఆవిడ పనేమిటో తెలిస్తే ఎవరూ ఆ మాట అనరు. జబ్బు చేసి జుట్టు రాలిపోయినవాళ్ళకీ, నాటకాల వాళ్ళకీ విగ్గులు కడుతుంది. పలచబడ్డ జడలకి సవరాలు అల్లుతుంది. వచ్చిన జుట్టుని గోరువెచ్చటి నీళ్ళలో జాడించి, మేకులు కొట్టిన చెక్క మీద దువ్వి, కుదుళ్ళన్నీ ఒకవైపు, కొసలన్నీ ఒకవైపు వచ్చేలా కట్టలు కడుతుంది. నాలుగు వెంట్రుకలు తలకిందులైనా చాలు, విగ్గు వారం తిరక్కుండా చిక్కుపడిపోతుంది. ఆ తర్వాత కొక్కెం సూదితో ఒక్కొక్క వెంట్రుకే తలకి తొడిగే సన్నటి వలకి ముడేస్తుంది. ఒక తల పూర్తవడానికి నెలన్నర. అంత పొదుపుగా జుట్టు వాడే మనిషి గదిలో నేలమీద వెంట్రుక దొర్లుతుందా? ఆ గది తలుపు ఎప్పుడూ మూసే ఉంటుంది. పని ముగిశాక తడిగుడ్డతో మూలమూలా తుడిచి, పైన తొడుక్కున్న చొక్కా గుమ్మం లోపలే విప్పి, అప్పుడు బయటికి వస్తుంది. పదమూడేళ్ళుగా ఇదే వరస. దొరసాని ఆ గదిలో ఒక్కసారి కూడా కాలు పెట్టలేదు.

దొరసాని అంటే వాళ్ళ పిల్లి. నారింజ రంగు వీపు, తెల్లటి పొట్ట, నడకలో ఎక్కడలేని అతిశయం. కన్ను తెరవని రోజుల్లో మెట్ల కింద దొరికింది. అప్పట్నించీ మూడో అంతస్తులో ఆ రెండున్నర గదులే దాని లోకం. మట్టి మీద కాలు మోపి ఎరగదు. కుక్కర్ కూత పెడితే బీరువా కింద దూరుతుంది. దొరికింది సవరాలక్కకే అయినా అది చేరింది మాత్రం మావయ్య ఒళ్ళోకి.

మావయ్య ఆవిడ మేనమామ. తల్లి పోయాక ఆవిడని పెంచినవాడు. కోర్టులో ముప్పై రెండేళ్ళు గుమస్తాగా చేసి దిగిపోయాడు గానీ, కోర్టు మాత్రం ఆయన్లోంచి దిగలేదు. పాలు విరిగితే విచారణ, బల్బు పోతే విచారణ. రెండు నెలల క్రితం దొరసాని మొదటిసారి కక్కినప్పుడు ఒక నోటు పుస్తకం తీసి తారీకు, వేళ, రంగు రాసుకున్నాడు. ముద్దాయిని కూడా ఆ పూటే తేల్చేశాడు.

"ఇంట్లో ఇంత జుట్టు పెట్టుకుని, పిల్లి కడుపులోకి వెళ్ళదా అమ్మాయ్?"

"నా జుట్టు గది దాటి రాదు మావయ్యా."

"గాలికి అడ్డం ఏముంది?"

ఆవిడకి ఒళ్ళు మండిపోయింది. కోపం వస్తే ఆవిడకి ఏడుపొస్తుంది, ఏడుపొచ్చినందుకు మళ్ళీ కోపం వస్తుంది. అందుకని మాట పెంచకుండా లోపలికి వెళ్ళి తలుపేసుకుంది. ఊరుకుంటే ఒప్పుకున్నట్టేనని మావయ్య అనుకున్నాడు.

కక్కడం ఒక్కటే అయితే ఎలాగో సర్దుకునేవాళ్ళు. దొరసాని నాకుడు మొదలెట్టింది. పొద్దున్న లేస్తే నాకుడు, తింటూ మధ్యలో ఆగి నాకుడు. నెల తిరిగేసరికి పొట్ట కింద, తొడల లోపల జుట్టు పోయి గులాబీ రంగు చర్మం బయటపడింది. ఊళ్ళోవాళ్ళ బోడితలలకి జుట్టు కట్టే మనిషి, తన ఇంట్లో పిల్లి బోడిదవుతుంటే చూస్తూ కూర్చోవలసి వచ్చింది. 

బుట్టలో పెట్టుకుని పశువుల డాక్టరమ్మ దగ్గరికి ఇద్దరూ వెళ్ళారు. డాక్టరమ్మ దొరసాని చర్మం ఒత్తి చూసింది, కడుపు తడిమింది.

"అది కక్కేది దాని జుట్టేనండీ. నాకి నాకి మింగుతోంది. పేలు లేవు, పుళ్ళు లేవు. రోజూ దువ్వండి, తడి తిండి పెట్టండి, కాసేపు ఆడించండి. తిండి మానేసినా, డోకుతూ ఏమీ రాకపోయినా వెంటనే తీసుకురండి. కానీ అసలు ఎందుకు నాకుతోందో కనిపెట్టాలి. ఇంట్లో ఏమన్నా మారిందా? కొత్త సబ్బు, కొత్త వాసన, కొత్త మనుషులు?"

"కొత్తేముందండీ? అంతా పాతదే. జుట్టు! ఇల్లంతా జుట్టు!" అన్నాడు మావయ్య.

డాక్టరమ్మ సవరాలక్క వంక అదోలా చూసింది. చదువుకున్నావిడ కూడా! దాని జుట్టేనని ఆవిడ నోటితోనే అంది కదా. మావయ్య చెవికి మాత్రం "జుట్టు" అన్న ఒక్క ముక్కే ఎక్కింది. తిరిగొస్తూ ఆ ముక్కే రెండో అంతస్తు టీచరమ్మకి చెప్పాడు, కింద వాటా వాళ్ళకి చెప్పాడు, ఇస్త్రీ అతనికి చెప్పాడు. సందులో ఎదురైన ప్రతివాళ్ళూ ఆవిడకి ఉచితంగా సలహాలివ్వడం మొదలెట్టారు. "పాపం మూగజీవం కదమ్మా, ఆ పనేదో వేరేచోట పెట్టుకోరాదూ?" అంది టీచరమ్మ. ఆ టీచరమ్మ తలలో ఉన్న సవరం కట్టింది ఎవరో? సవరాలక్కే!

పళ్ళు బిగబట్టి రోజూ రెండు పూటలా దొరసానిని దువ్వింది. దువ్వడంలో ఆవిడకి ఒకళ్ళు నేర్పాలా? ఉండలు కాస్త తగ్గాయి. నాకుడు మాత్రం ఆగలేదు.

ఒక బుధవారం దొరసాని సరిగ్గా మావయ్య చెప్పుల్లో కక్కింది. ఆయన నోటు పుస్తకం మూసేసి తీర్పు చెప్పేశాడు.

"ఆదివారం బియ్యం కొట్టు షావుకారు వస్తాడు. గోదాంలో ఎలకలు ఎక్కువయ్యాయట, పిల్లి కావాలన్నాడు. ఇచ్చేద్దాం."

"దొరసానినా? గోదాంకా? అది ఎలకని చూస్తే అదే పారిపోతుంది మావయ్యా! లారీలూ, కుక్కలూ, బస్తాలూ! రెండు రోజులు బతకదు."

"ఇక్కడ మాత్రం బతుకుతుందా? నీ పని నువ్వు మానలేవు, మానమని నేను అనలేను. అది నా ఒళ్ళో చావడం నేను చూడలేనమ్మాయ్."  ఆ చివరి మాటే ఆవిడకి మరీ మంట పుట్టించింది. ప్రేమ ఉండీ ఈ పని చేస్తాడా?

మర్నాడు పొద్దున్నే దొరసాని ఇంకో ఉండ కక్కింది. సవరాలక్క దాన్ని కాగితం మీదకి తీసుకుని తిన్నగా పనిగదిలోకి నడిచింది. పెళ్ళికూతురి సవరం సగంలో ఉంటే పక్కకి నెట్టింది. తెల్ల పళ్ళెంలో గోరువెచ్చటి నీళ్ళు పోసి ఉండని నానబెట్టింది. తన దగ్గరికొచ్చే జుట్టుకి ఏం చేస్తుందో దీనికీ అదే చేసింది. సూదితో విడదీసి, ఒక్కొక్క వెంట్రుకా నల్లగుడ్డ మీద పరిచి, భూతద్దం పెట్టి చూసింది. రెండు గంటలు పట్టింది. అన్నీ వేలెడు కూడా లేని పొట్టి వెంట్రుకలే. కొన్ని నారింజ, ఎక్కువ తెలుపు. కొసలు నాలుకతో గీకినట్టు తెగి ఉన్నాయి. మనిషి జుట్టు మచ్చుకి ఒక్క పోగైనా లేదు.

"ఇప్పుడేమంటావు మావయ్యా!" అని పైకే అనేసి, పళ్ళెం పట్టుకుని లేచింది. లేచేసరికి ఆ నీళ్ళలోంచి సన్నగా ఒక వాసన తగిలింది. కర్పూరం, పుదీనా కలిసినట్టు ఘాటైన వాసన. జుట్టు కొనేటప్పుడు వాసన చూసి ఏ నూనె పట్టిందో చెప్పగల ముక్కు ఆవిడది. ఈ వాసన ఆవిడకి బాగా తెలుసు.

హాల్లోకి వచ్చింది. మావయ్య పడక్కుర్చీ మీద ఆయన మోకాళ్ళకి చుట్టుకునే ఉన్ని గుడ్డ ఉంది. దాని మీద దొరసాని పొట్ట ఆనించి, వెచ్చగా ముడుచుకుని పడుకుంది. గుడ్డ కొస ఎత్తి ముక్కు దగ్గర పెట్టుకుంటే కళ్ళు చెమర్చేంత ఘాటు. మోకాళ్ళ నొప్పుల మందు! చలి మొదలయ్యాక పాత నూనె పనిచెయ్యటం లేదంటే ఆవిడే కొట్టుకెళ్ళి కొత్త డబ్బా తెచ్చింది. రోజూ సాయంత్రం వార్తలప్పుడు ఆవిడే ఆయన మోకాళ్ళకి మర్దనా చేస్తోంది. ఆవిడే పైన ఆ గుడ్డ చుడుతోంది. ఇల్లంతా ఆ వాసనే కావడంతో ఇద్దరి ముక్కులూ దానికి అలవాటుపడిపోయాయి.

డాక్టరమ్మ అడిగిన 'కొత్త వాసన' ఆవిడకి గుర్తొచ్చింది. ఫోన్ చేస్తే డాక్టరమ్మ గట్టిగానే చివాట్లు పెట్టింది. "ఆ మందులు పిల్లులకి విషమండీ! పొట్టకంటినదంతా నాకి మింగుతోందన్నమాట. అందుకేగా నేను అడిగింది? ముందు ఆ గుడ్డ తీసెయ్యండి, పిల్లిని ఇప్పుడే తీసుకురండి." ఆ మధ్యాహ్నం దొరసానికి స్నానం చేయించారు, నెత్తురు పరీక్ష చేశారు. లోపలేమీ చెడలేదని, వేళకి కనిపెట్టారని చెప్పారు.

ఇంటికొచ్చాక మావయ్య మందు డబ్బా రసీదు పక్కన పెట్టుకుని నోటు పుస్తకం తిరగేశాడు. కొత్త డబ్బా తెచ్చిన ఐదో రోజున మొదటిసారి కక్కింది. ఆ తారీకు మీద వేలు పెట్టి రెండుసార్లు చదువుకున్నాడు. పుస్తకం మూశాడు.  శుక్రవారం గానీ శనివారం గానీ జుట్టు ఊసే ఎత్తలేదు. మందు ముట్టుకోలేదు, వేన్నీళ్ళ సంచీ ఇస్తే మాత్రం తీసుకున్నాడు. సవరాలక్కకి మళ్ళీ అరికాలి మంట నెత్తికెక్కింది. రెండు నెలలు మేడంతా ఊదరగొట్టిన మనిషికి, "పొరపాటు పడ్డానమ్మాయ్" అనడానికి నోరు రాదా?

ఆదివారం షావుకారు బుట్ట పట్టుకుని వచ్చాడు.

"పిల్లి ఎక్కడికీ రాదండీ. మీరు దయచెయ్యండి," అన్నాడు మావయ్య.

"జుట్టు మింగి జబ్బు చేసిందన్నారుగా?"

"మా అమ్మాయి జుట్టు కాదు. నా మోకాళ్ళ మందు. తప్పు చెప్పాను." అని చెప్పులేసుకుని షావుకారు వెనకే మెట్లు దిగడం మొదలెట్టాడు.

మందు రాసి నాలుగు రోజులైంది. రెండు చేతులా పిట్టగోడ పట్టుకుని, ఒక్కో మెట్టుకీ ఆగుతున్నాడు. రెండో అంతస్తులో తలుపు తట్టిన చప్పుడైంది. "టీచరమ్మగారూ, ఆ రోజు నేను చెప్పింది అబద్ధమండీ," అన్న మాట మెట్ల మీదుగా పైకి వినిపించింది. తర్వాత కింద వాటా. సవరాలక్క పై గుమ్మంలో నిలబడి అరిచింది.

"చాల్లే మావయ్యా! పైకి రా! ఆ కాళ్ళతో ఏమిటిది?"

"ఇంకా ఇస్త్రీ బండి ఉందమ్మాయ్."

"నేను చెబుతాలే!"

"ఇన్ని గుమ్మాలూ ఎక్కి నిన్నన్నది నేనే కదా. నువ్వెలా చెబుతావు?"

ఆవిడ కోపంగానే గబగబా దిగింది. చెయ్యి అందిస్తే ఆయన పట్టుకోలేదు. వీధి మొగలో ఇస్త్రీ అతను పెట్టె పక్కన పెట్టి ఇద్దరి మొహాలూ మార్చి మార్చి చూశాడు. మావయ్య ఆయాసపడుతూ మొత్తం చెప్పాడు, ఒక్క ముక్క కూడా తగ్గించుకోలేదు.

"అయితే పెద్దాయన మందు వల్లన్నమాట," అన్నాడు ఇస్త్రీ అతను.

మావయ్య తలూపి వెనక్కి తిరిగాడు. సవరాలక్క అక్కడే నిలబడింది.

"ఆ మందు తెచ్చింది నేను, రోజూ రాసింది కూడా నేనే," అంది ఇస్త్రీ అతనితో. "ఎవరన్నా అడిగితే ఇద్దరి పేర్లూ చెప్పు."