గట్టిమేళం ఏ కేటలాగులో ఉంది

2023 వేసవి, పెళ్ళిళ్ళు మొదలవడానికి కొంచెం ముందు. తిరుపతిలో నాకు ఆడియో సామాన్ల దుకాణం ఉంది. స్పీకర్లు, యాంప్లిఫయర్లు అమ్మడం, వాటిని బిగించి రావడం నా పని. కొన్నేళ్ళుగా దానికి ఇంకో పని తోడైంది. ఏ స్ట్రీమింగ్ సర్వీసుకు చందా కట్టాలో కూడా నేనే చెప్పాలి. స్పీకర్లకు అంత డబ్బు పోసినవాడు ఫోనులో ఉచితంగా వచ్చే పాట వేసుకుని, గరగరమంటోంది నీ సరుకు బాగాలేదు అని నా మీదికే వస్తాడు. ఆడలేక మద్దెల ఓడు అన్నట్టు.

పాటను కుదించి పంపితే నాదంలో కొంత పోతుంది. ఏమీ పోకుండా పంపడాన్ని లాస్‌లెస్ అంటాం. ఇప్పుడు ఆ నాణ్యత ఒకటికి రెండు సర్వీసుల్లో దొరుకుతోంది కాబట్టి అసలు తేడా కేటలాగులో ఉంటుంది, అంటే వాళ్ళ దగ్గరున్న పాటల భండారంలో. కోట్ల పాటలున్నాయని అందరూ గొప్పలు చెప్తారు. పెళ్ళి విస్తట్లో ఎన్ని రకాలు వడ్డించినా మనం తినేవి నాలుగే. అందుకే వచ్చినవాళ్ళకు ఒకటే చెప్తాను, మీరు నిజంగా వినేవాటి పేర్లు చెప్పండి, రెండింటిలోనూ వెతికి చూద్దాం అని.

పూతలపట్టు దగ్గర కల్యాణ మండపం ఉన్న ఒక నాయుడు గారు ఆ వేసవిలో నా దగ్గర కొత్త స్పీకర్లు పెట్టించుకున్నారు. బిగింపు అయిపోయాక, "ఏమబ్బా, దీంట్లో వేసేదానికి మంచి సర్వీసు ఒకటి సూడు. నాదస్వరం బాగా ఉండేది కావల్ల. భోజనాలప్పుడు వేసుకుంటాము" అన్నారు. నాదస్వరం మంచిచెడ్డలు నాకు తెలియవంటే, "తెలిసినోడు ఉండాడు లే" అని మునస్వామిని పిలిపించారు.

మునస్వామికి అరవై దాటి ఉంటాయి. మండపం కట్టిన నాటి నుంచి అక్కడ మేళం ఆయనదే. ఆయన నాదస్వరం ఊదితే బామ్మర్ది డోలు వాయించేవాడు. ఖాళీ హాల్లో కుర్చీ లాక్కుని నా పక్కన కూర్చుని, ఎంత సంబరపడ్డాడో చెప్పలేను. అంత పెద్ద స్పీకర్లలో తన వాద్యం వినబోతున్నానని ఆ సంబరం.

మొదటి సర్వీసులో నాదస్వరం అని కొడితే ఆల్బములు వరదలా వచ్చాయి. తెరిచి చూస్తే పైన అట్టలే వేరు, లోపల అవే పాటలు. ఒకదాన్ని కాసేపు విని మునస్వామి నవ్వాడు.

"ఇది ఊదింది కాదప్పా, కీబోర్డులో ఒత్తింది. మనిషన్నాక యాడో ఒక కాడ ఊపిరి తీసుకోవల్ల గదా. ఈడ ఆ జాడే లేదు సూడు."

రెండో సర్వీసులో ఆల్బములు తక్కువే కానీ అన్నీ అసలువి. పాతకాలపు విద్వాంసుడొకాయన చేసిన ఆలాపన దొరికింది, కత్తిరింపులు లేకుండా. మునస్వామి కళ్ళు మూసుకున్నాడు. ముందు పెట్టిన టీ చల్లారిపోయింది. "ఈయన కచ్చేరి వినేదానికి మా నాయన తిరుత్తణికి నడిచి పొయ్యినాడంట. నేను ఇంట్లో కూసోని వినొచ్చు ఇప్పుడు" అన్నాడు. ఏది తీసుకోవాలో తేలిపోయింది. నా పని అంత సులువుగా ఎప్పుడూ కాలేదు.

అప్పుడు నాయుడు గారు వెనక నుంచి, "గట్టిమేళం కూడా ఉండాదేమో సూడబ్బా" అన్నారు.

తాళి కట్టే వేళ పురోహితుడు చెయ్యెత్తగానే నాదస్వరం, డోలు ఒక్కసారిగా అందుకుని వాయించేదే గట్టిమేళం. తుమ్ము గానీ ఏడుపు గానీ చెడ్డ మాట గానీ ఆ నిమిషంలో ఎవరి చెవినా పడకూడదని పెద్దలు పెట్టిన కట్టడి. భోజనాల దగ్గర దానితో పనేమిటి? నాకు తట్టేలోపే మునస్వామికి అర్థమైంది.

"గట్టిమేళం ఎందుకయ్యా?" అన్నాడు.

"ఉంటే ఉండనీలే."

వెతికితే రెండో సర్వీసులోనే మంచిది దొరికింది. మునస్వామి అర నిమిషం కూడా వినలేదు. "బాగలేదయ్యా. డోలు సప్పగా ఉండాది. ఈ రెండు కంపెనీలూ దీనికి పనికిరావు" అన్నాడు.

అబద్ధం. ఆ డోలు దెబ్బకు కిటికీ అద్దాలు అదురుతున్నాయి. పాపం, అబద్ధం చెప్పడం కూడా చేతకాని మనిషి, చెప్తూ నేల చూశాడు. నాయుడు గారు నా ఫోను తీసుకుని శబ్దం పూర్తిగా పెంచారు. పెళ్ళెవరిదో అనుకుని వంటవాళ్ళు గరిటెలతో తొంగిచూశారు.

"ఇంతకన్నా యేం కావల్ల మునస్వామీ?"

నాయుడు గారు నా వైపు తిరిగి, "నన్నేం జెయ్యమంటావబ్బా. మేళం వద్దంటే ప్యాకేజీలో ఎంత తగ్గిస్తావని పెండ్లోళ్ళే అడగతా ఉండారు" అన్నారు. ఇది ఇంట్లో వినడానికిచ్చే చందా అనీ, మండపంలో వెయ్యాలంటే వేరే అనుమతి కావాలనీ చెప్పాను. "అడిగేదానికి యావుడొస్తాడు ఈడికి" అని కొట్టిపారేశారు.

మా వైపు మేళాన్ని కుదుర్చుకునేటప్పుడు తాంబూలం ఇస్తారు. అది పుచ్చుకుంటే మాట ఇచ్చినట్టే, ఆ ముహూర్తాలకు వాళ్ళు ఇంకో చోటికి వెళ్ళరు. నాయుడు గారు ఏటా పెళ్ళిళ్ళకు ముందు ఆ పళ్ళెం మునస్వామి చేతిలో పెట్టేవారట. ఆ రోజు తమలపాకులు, వక్కలు, అరటిపళ్ళు పెట్టి నా చేతికిచ్చారు, ఆయన చూస్తుండగానే. "సీజనంతా ఏ రిపేరు వచ్చినా నువ్వే రావల్ల" అన్నారు. ఆ పళ్ళెం నాయుడు గారి మొహాన కొట్టాలనిపించింది. స్పీకర్ల బాకీ ఇంకా రావాలి. పుచ్చుకున్నాను.

వైశాఖంలో అదే మండపంలో మా బంధువుల పెళ్ళి. మేళగాళ్ళు కూర్చునే అరుగు మీద పూలకుండీలు పెట్టారు. ఆ సమయానికి నెట్టు పోతే బాగుండునని మనసారా కోరుకున్నాను, నేను బిగించిన వ్యవస్థే అయినా సరే. పురోహితుడు "గట్టిమేళం, గట్టిమేళం" అంటూ చెయ్యెత్తాడు. రెప్పపాటు కూడా ఆలస్యం కాలేదు. హాలంతా నాదంతో నిండిపోయింది. అక్షింతలు పడ్డాయి, ఫోటోలు తీసుకున్నారు. అరుగు వైపు ఒక్కరు, ఒక్కరంటే ఒక్కరు తల తిప్పి చూడలేదు. ఇంతేనా మనుషులు అని ఒళ్ళు మండింది.

అంత సరిగ్గా ఎవరు వేశారా అని వేదిక వెనక్కి వెళ్ళాను. అక్కడ స్టూలు మీద, ఉతికిన తెల్లపంచె కట్టుకుని, చేతిలో మండపం ఫోనుతో మునస్వామి కూర్చుని ఉన్నాడు.

"మొన్నొక పెండ్లిలో మేనేజరు నొక్కితే తాళి కట్టినాక వచ్చిందంటప్పా మేళం. పెండ్లోళ్ళు గొడవ జేసినారు. అయ్యగారి సెయ్యి ఎప్పుడు లేస్తాదో నాకు తెలుసు గదా, అందుకని నన్ను పిలిసినారు. దినకూలి."

"బామ్మర్ది యాడ అన్నా?"

"నగరికి పొయ్యినాడు, మరమగ్గాల కాడికి. నొక్కేదానికి ఇద్దురెందుకు?"

ఆయనే మళ్ళీ అన్నాడు. "కంపెనీ మంచిదే అప్పా. శ్రుతి తప్పేది లేదు. దీంట్లో ఆయనెవురో ఊదతా ఉంటే నా వేళ్ళు ఊరికే ఉండవు. ఏదో ఒక బొత్తాము తగిలి పాట ఆగిపోతాదేమోనని రెండు సేతుల్తో పట్టుకోని కూసుంటా."

స్పీకర్ల బాకీ వచ్చింది. నాణ్యత గురించి, కేటలాగుల గురించి అడిగితే ఇప్పటికీ గంటసేపు చెప్పగలను. కాకపోతే ఇళ్ళకు కాకుండా మండపాలకు, హోటళ్ళకు, గుళ్ళకు అడిగేవాళ్ళకు ముందు ఒక ప్రశ్న వేస్తున్నాను, ఈ పాట ఎవరి బదులు అని. ఎవరి బదులూ కాదండీ, ఊరికే ఉండనీ అని అంటారు. అలా అన్నవాళ్ళెవరూ నా మొహం చూసి చెప్పలేదు.