మిద్దె మీద రాలిన పళ్లు

మొన్న మా మనవరాలు ఫోన్‌లో ఒక బొమ్మ చూపించింది. డైనోసార్ల కాలంలో దక్షిణ ఖండాల్లో తిరిగి, ఎప్పుడో అంతరించిపోయిన పాలిచ్చే జంతువులట, గోండ్వానాథీర్లంటారట, మడగాస్కర్‌లో ఒకదాని అస్థిపంజరం మొత్తం దొరికిందట. వాటి సంగతి నాకు చెబుతున్నావా, ఆ జాతి పన్ను ఒకటి మా ఇంటిని రెండుగా చీల్చిందే అనబోయి ఊరుకున్నాను. మీరు నా ఈడువాళ్లు గనక మీకు చెప్పొచ్చు.

ఆ రోజుల్లో కాటన్‌పేటలో మా మిద్దె మీద వడియాలు పెట్టుకోవడానికి చోటుండేది కాదు. కాలేజీలో భూగర్భశాస్త్రం చెప్పే మా నాన్న, వికారాబాద్ దగ్గర లావా పొరల మధ్య చిక్కుకున్న మట్టిని గోతాలకొద్దీ తెచ్చి, ఎండబెట్టి, కిరసనాయిల్లో నానబెట్టి, కడిగి జల్లించేవాడు. మిగిలిన ఇసుకలో అక్కా నేనూ బియ్యంలో రాళ్లు ఏరినట్టు, తడి కుంచెలతో ఆ కాలపు జంతువుల పళ్ల కోసం వెదికేవాళ్లం. నాన్నకి కోపమొస్తే చేతిలో ఏదుంటే అది గోడకేసి కొట్టేవాడు, మా వంటింట్లో సొట్టపడని చెంబు లేదు. అలాంటివాడు తన శిష్యుడికే అక్కనిచ్చాడు, ఆ బావ కూడా తక్కువేం తినలేదు.

ఒక ఆదివారం మధ్యాహ్నం అక్క కుంచెకి జొన్నగింజంత పన్ను తగిలింది. పంటి మీద గుబ్బలు వరుసలుగా ఉండే మల్టీట్యూబర్క్యులేట్లనే జంతువుల్లో దాన్ని కలపాలని నాన్న, కాదు, గోండ్వానాథీర్లు వేరే కొమ్మ, ఇది వాటిదేనని బావ. మాటా మాటా పెరిగి, ఇన్నేళ్లూ మీరు తప్పు పాఠమే చెప్పారని బావ అనేసరికి నాన్న చెయ్యి చేసుకున్నాడు. బావ ఆయన చొక్కా పట్టుకుని పిట్టగోడకేసి గుద్దాడు, పన్ను పెట్టిన బల్ల తిరగబడింది, నాన్న రాళ్లు కొట్టే సుత్తి అందుకుని బావ దవడ మీద ఒక్కటేశాడు. బావ ముందుపళ్లు రెండూ నెత్తురుతో సహా సిమెంటు మీద పడ్డాయి.

నాన్న సుత్తి పారేసి మోకాళ్ల మీద కూలబడ్డాడు. పాపం, చేసిన పనికి కుమిలిపోతున్నాడనుకున్నాను. ఆయన ఆ నెత్తుట్లో తడుముకుంటూ, అల్లుడి పళ్లను పక్కకి తోసి, ఆ జొన్నగింజంత పన్నును ఏరుకుని పంచెకి తుడుచుకున్నాడు. అక్క అంతా చూసింది. "నాన్నా, మనిషి నోట్లోంచి నెత్తురు కారతా ఉండాది, నువ్వు ఏరుకునేది అదా?" అని, తన కొంగు బావ నోటికి అదిమిపెట్టి, ఆయన్ని పట్టుకుని మెట్లు దిగిపోయింది.

నాన్న ఆ పన్ను గురించి తన పంతం ప్రకారమే వ్యాసం అచ్చువేయించాడు. ఆయన పోయినప్పుడు వంకరదవడతో బావ వచ్చి పాడె మోశాడు, అక్క రాలేదు. నేను నాన్న మీద కోపంతోనే ఏడ్చాను.

ఈ చదువు చదివే ఇప్పటి పిల్లలు, ఏ జాతిదో తేలని జంతువు పేరు పక్కన ఒక ప్రశ్నార్థకం పెట్టి, ఎవరి అభిప్రాయం వాళ్లు రాసుకుని, అందరూ కలిసి కాఫీకి పోతున్నారు. వాళ్లను చూస్తే ముచ్చటేస్తుంది, కడుపు మండుతుంది కూడా. ఆ చిన్న గుర్తు పెట్టడానికి ఆ రోజు మా మిద్దె మీద ఎవరికీ చెయ్యి రాలేదు. కాడుగోడిలో అక్క ఇంటికి నేనే వెళ్లివస్తుంటాను. కూర్చోబెట్టి కడుపునిండా పెడుతుంది, అన్నీ మాట్లాడుతుంది, నాన్న ఊసెత్తితే మాత్రం లేచి లోపలికి వెళ్లిపోతుంది.