నల్లమట్టి, ఇనప నీళ్లు

ఐరోపాలో యుద్ధం మొదలైన ఏడు, వానాకాలం చివర్లో నా మోకాళ్లు నన్ను వదిలేశాయి. అప్పటికి నాకింకా ముప్పై ఏళ్లు నిండలేదు. మాది కుమ్మరుల ఇల్లు. మా నాన్న పోయేదాకా సారె తిప్పాడు. నేను మాత్రం మట్టి కడుక్కుని పుదుచ్చేరి బట్టల మిల్లులో మగ్గం మీద చేరాను. ఒర్లియంపేటలో రెండు గదుల ఇంట్లో నేనూ, నా భార్యా కాపురం ఉండేవాళ్లం.

పది రోజులు జ్వరం కాసింది. పోతూ పోతూ ఆ జ్వరం మోకాళ్లలో తిష్ట వేసింది. రెండూ వాచి, ముట్టుకుంటే నిప్పులా కాలేవి. మంచం దిగాలంటే ఆమె భుజం కావాలి. మిల్లులో మగ్గం దగ్గర పొద్దస్తమానం నిలబడాలి. నెల తిరగకముందే నా మగ్గాన్ని ఇంకొకరికి ఇచ్చేశారు. ఆ సంగతి చెప్పడానికి వచ్చిన తోటి పనివాడు నా మొహం చూడలేక, గోడకు వేలాడుతున్న చాటను చూస్తూ చెప్పి వెళ్లిపోయాడు.

మర్నాడు ఆమె నన్ను పూసుపూసు బండిలో ఆసుపత్రికి తీసుకుపోయింది. మనిషి వెనకనుంచి తోసుకుపోయే బండి అది. ఆసుపత్రిలో తెల్లమీసాల ఫ్రెంచి డాక్టరు నా కాళ్లు మడిచి, చాపి చూశాడు. మందు పొట్లాలు రాసిచ్చాడు. చివర్లో ఏదో అని నిట్టూర్చాడు. పక్కనున్న కాంపౌండరుకు మన భాష వచ్చు. అతను చెప్పాడు.

"వాళ్ల దేశంలో ఇట్లాంటి నొప్పులోళ్లని నీళ్ల ఊళ్లకి అంపిస్తారంట. భూమిలోనించి వెచ్చగా, ఇనుము వాసనతో వచ్చే నీళ్లలో కూచోబెడతారంట. నల్ల బురద పూస్తారంట. మూడు వారాలు ఉంటే లేచి నడుస్తారంట. నీకు ఆ యోగం యాడుండాది?"

నేను తల వంచుకున్నాను. నా భార్య మాత్రం ముందుకు జరిగింది.

"అయ్యా, డాక్టరయ్యని ఒక మాట అడుగు. ఆ బురద ఎట్లాంటిది? ఇసక కలిసిందా, జిగట మన్నా?"

కాంపౌండరు నవ్వబోయాడు. డాక్టరు ఏమిటని అడిగి, విని, తనూ నవ్వి, మళ్లీ ఆమె మొహం చూసి నవ్వు ఆపేశాడు. వేళ్ల మధ్య రాస్తే రవ్వ కూడా తగలకూడదన్నాడు. ఆ ఊటనీళ్లలోనే నెలల తరబడి నానిన బురద అన్నాడు. వేడిగా కాదు, వెచ్చగా పూయాలన్నాడు.

"అంతేగదా," అంది ఆమె.

ఆమె బండి వెనకే నడిచి వచ్చింది. ఇల్లు దగ్గర పడ్డాక అంది: "మామా, ఇనుము వాసన నీళ్లు మనూళ్లో లేవా ఏంది?"

ఉన్నాయి. మా వీధి చివర సర్కారువాళ్లు భూమిలోకి లోతుగా గొట్టం దింపిన బావి ఉంది. తోడే పని లేదు. రాత్రింబగళ్లు నీళ్లు తమంతట తామే పైకి పొంగి కాలవలో పారిపోయేవి. గోరువెచ్చగా ఉండేవి. ఆ నీళ్లతో వండితే అన్నం రంగు మారుతుందని, తెల్లబట్ట ఉతికితే తుప్పుమరక పడుతుందని ఎవరూ ఇంటికి పట్టుకుపోయేవాళ్లు కారు. ఆమె పట్టుకొచ్చింది. రోజుకు నాలుగు బిందెలు.

మట్టి కోసం ఊసుడు చెరువుకు పోయింది. ఆమె పుట్టింటివాళ్లు తరతరాలుగా కుండలకు మన్ను తెచ్చేది అక్కడినుంచే. అంచున ఉండే మన్ను కాదు, లోపల మోకాటిలోతు నీళ్ల అడుగున ఉండే నల్లమట్టిని ఏరి తెచ్చింది. ఎండబెట్టి, దంచి, గుడ్డలో జల్లించి, ఇనప నీళ్లలో నానబెట్టింది. కాలితో తొక్కింది. రోజూ నీళ్లు మార్చింది. పదో రోజుకు ఆ ముద్ద వెన్నలా ఉంది. రెండు వేళ్ల మధ్య రాసి, నా ముక్కు దగ్గర పెట్టి, "డాక్టరయ్య చెప్పింది ఇదే," అంది.

మొదటి రోజు కుంపటి మీద వేడిచేసి పూసింది. కాలి బొబ్బ లేచింది. రెండో రోజు పూసి వదిలేస్తే ఎండిపోయి, తీసేటప్పుడు వెంట్రుకలతో సహా ఊడొచ్చింది. నేను అరిచిన అరుపుకు పక్కింటి అవ్వ పరుగెత్తుకొచ్చింది.

"కుండ పగిలితే మన్ను పూస్తారు గానీ, మొగుడికి పూస్తారంటే?" అని అవ్వ పగలబడి నవ్వింది.

"పగిలిందానికే గదవ్వా పూసేది," అంది ఆమె, చేతులు కడుక్కుంటూ.

మూడో రోజుకు పద్ధతి పట్టుబడింది. మట్టిమూకుడును ఎండలో పెట్టి వెచ్చచేసేది. మోకాలి మీద మందంగా పూసి, పైన ఆముదపాకులు కప్పి, తడిగుడ్డ చుట్టేది. ఆరకముందే తీసి, కాళ్లను ఇనప నీళ్ల తొట్టిలో పెట్టించేది. డాక్టరు ఇచ్చిన పొట్లాలు కూడా వేళ తప్పనివ్వలేదు. నన్ను నిలబెట్టింది మన్నో, మందో, ఆమె మొండితనమో నేను ఈనాటికీ తేల్చి చెప్పలేను. మూడూ అనుకుంటాను.

రెండో వారానికి వాపు తగ్గింది. మూడో వారంలో గోడ పట్టుకుని నిలబడ్డాను. నాలుగో వారంలో ఒక పొద్దున, ఆమె నీళ్లకు పోయిన తర్వాత, మంచం దిగి వీధిలోకి అడుగు పెట్టాను. పడితే చూద్దామనుకున్నాను. పడలేదు. ఇల్లిల్లూ దాటుకుంటూ బావి దాకా పోయాను. అక్కడ గిన్నెలు తోముకుంటున్న ఆడవాళ్లు పక్కకు జరిగి దారి ఇచ్చారు. ఆమె తలెత్తి నన్ను పైనుంచి కిందికి చూసింది.

"వట్టి చేతుల్తో వచ్చినావేంది మామా?" అని చిన్న బిందె నా చేతిలో పెట్టింది. వెంటనే అటు తిరిగింది. ఆమె భుజాలు కదలడం నేను చూశాను.

ఆ వేసవిలో మిల్లుకు తిరిగి వెళ్లాను. నేను నిలబడిన తీరు చూసి మేస్త్రీ మగ్గం ఇచ్చాడు. ఊరి చివర దూరాన ఉన్న చుట్టం ఇంటికి సయితం నడిచే పోయొచ్చేవాణ్ణి, అవసరం లేకపోయినా.

ఈ కబురు కాంపౌండరు ద్వారా డాక్టరుకు చేరింది. ఆయన ఒక సాయంత్రం మా ఇంటికి వచ్చి, నా మోకాళ్లు వంచి చూసి, మట్టిమూకుడులో వేలు పెట్టి రాసుకుని, టోపీ తీసి ఆమెకు తల వంచాడు. వారం తిరక్కుండానే ఒక దొరసానిని వెంటబెట్టుకొచ్చాడు. కాలం చేసిన ఒక జడ్జీ భార్య ఆమె. ఏడు విడిచి ఏడు ఓడెక్కి తన దేశంలోని నీళ్ల ఊరికి పోయి కాళ్లు బాగుచేయించుకుని వచ్చేదట. యుద్ధంతో ఆ ప్రయాణం ఆగిపోయింది. చేతికర్ర మీద బరువంతా వేసి మా తిన్నె మీద కూర్చుంది. వంటవాళ్లతో మాట్లాడి నేర్చుకున్న తమిళం ఆమెది. అది మాకు చాలు.

మట్టి వెచ్చగా పట్టుకునేసరికి దొరసాని కళ్లు మూసుకుని తన ఊరి కబుర్లు చెప్పేది. గాజుకప్పు వేసిన పెద్ద మండపమట. లోపల వాయిద్యాలు మోగుతుంటే, టోపీలు పెట్టుకున్న ఆడవాళ్లు ఎవరి గ్లాసు వాళ్లు పట్టుకుని, కుళ్లిన గుడ్డు వాసన వేసే నీళ్లను గుటక గుటకగా తాగుతారట. తవ్వితే అడుగున పాతకాలపు రోము సైనికుల రాతి తొట్లు బయటపడ్డాయట. రాజులు రావడంతో ఊరు పెరిగిందట. ఆ నీళ్ల కోసమే రైలు కూడా వేశారట.

"అంత గొప్పోళ్లు బురద పూసుకుంటారా అమ్మా?" అని అడిగింది నా భార్య.

"మెడ దాకా," అంది దొరసాని.

నా భార్య నావైపు తిరిగింది. "చూస్తివా మామా. మన్ను తెలిసినోళ్లు అన్ని దేశాల్లోనూ ఉండారు."

ఇరవై ఒక్క రోజులు వచ్చింది దొరసాని. ఆఖరి రోజు వీధి మలుపులో పిల్లల కేకలు వినిపించి బయటికి వచ్చాం. దొరసాని నడిచి వస్తోంది. ఆమె వెనక పూసుపూసు బండి ఖాళీగా వస్తోంది. దాన్ని తోసేవాడు ఏం చేయాలో తోచక నవ్వుతున్నాడు. ఆమె నొప్పి పూర్తిగా పోలేదు. కానీ మా తిన్నె మెట్లు కర్ర లేకుండా ఎక్కింది.

ఏం కావాలో కోరుకోమంది. మెడలోని గొలుసు మీద చెయ్యి కూడా వేసింది. నా భార్య వద్దని తల ఊపింది.

"బావి కాడ మావోళ్లు ఎంతోమంది నొప్పులతో కుంటతా ఉండారమ్మా. కోక మోకాళ్ల పైకి ఎత్తుకోని కూచుండేదానికి చాటు లేదు. నాలుగు గోడలు, రెండు తొట్లు కట్టించమని చెప్పండి."

దొరసాని ఆ రోజే అర్జీ రాసింది. కింద తన సంతకం పెట్టి, కాగితం నా భార్య ముందుకు జరిపింది. ఆమె వేలిముద్ర వేసింది. తర్వాత వీధి ఆడవాళ్లందరూ వేశారు. చోటు చాలక కాగితం వెనకవైపు కూడా నిండిపోయింది. ఆ అర్జీ పట్టుకుని కచ్చేరీ చుట్టూ నా భార్య ఎన్నిసార్లు తిరిగిందో లెక్క లేదు. వాళ్లు రేపంటే రేపు పోయింది, వచ్చే వారం అంటే వచ్చే వారం పోయింది. మరుసటి ఏడు గోడలు లేచాయి.

తెరిచిన రోజున అధికారులు మూడు రంగుల రిబ్బను కట్టారు, ఫ్రెంచిలో ఒకాయన చాలాసేపు మాట్లాడాడు. ఆయన పక్కకు తప్పుకోగానే ఆడవాళ్లు లోపలికి కదిలారు. ముందు పక్కింటి అవ్వ, ఆ వెనక మిల్లులో దారం తీసే ఆడవాళ్లు, బజారులో బుట్టలు మోసేవాళ్లు, ఇద్దరు దుబాసీల ఇళ్ల ఆడవాళ్లు కూడా. మేం మగవాళ్లం బయటే నిలబడ్డాం. గోడమీదుగా నీళ్ల చప్పుడు, ఆడవాళ్ల నవ్వులు, "అబ్బా, ఎంత వెచ్చగా ఉండాదే!" అన్న అవ్వ గొంతూ వినిపించాయి.

కాసేపటికి నా భార్య మోచేతుల దాకా నల్లమట్టితో గుమ్మంలోకి వచ్చింది. వరస వీధి మలుపు దాకా ఉంది. నడుము పట్టుకుని నిలబడ్డ ఒక ముసలాయన గొణిగాడు.

"మరి మొగోళ్లకి యాడమ్మా?"

"మీరూ వేలిముద్రలు ఏసి అర్జీ పెట్టుకోండి పెద్దాయనా," అంది ఆమె. "యాడ తిరగల్లో నేను చూపిస్తా."