పెట్టెమ్మ పది వేళ్లు

ఆ ఉదయం వీసా కేంద్రంలో గాజు పలక మీద పెట్టెమ్మ ఆన్చిన వేళ్లలో ఒక్కదాని ముద్రా పడలేదు. తెర మీద పదికి పది ఎర్ర చుక్కలు వెలిగాయి.

"గట్టిగా నొక్కండమ్మా," అంది కౌంటరు అమ్మాయి. నొక్కింది. "తుడుచుకుని పెట్టండి." చీరకొంగుకు తుడుచుకుని పెట్టింది. ఎర్ర చుక్కలు ఎర్రగానే ఉన్నాయి.

"ఏం పని చేస్తారండీ మీరు?"

"ఇస్త్రీ. ఈ వీధి మొదట్లో కొట్టు మాదే. ఇంటర్వ్యూకొచ్చే వాళ్ల చొక్కాలన్నీ నా చేతి మీదుగానే ఇక్కడికొస్తాయి."

అమ్మాయి ఆవిడ చేతులు తిప్పి చూసింది. వేలి కొసలు గోలీల్లా నున్నగా ఉన్నాయి.

"మూడు వారాలు వేడి, సబ్బు తగలనివ్వకండి. పడుకునేముందు నూనె రాయండి. గీతలు మళ్లీ తేలొచ్చు. ఇంకొక్కసారి రావచ్చు మీరు. అప్పుడూ పడకపోతే ఈ దరఖాస్తు ఇంతటితో సరి."

పాస్‌పోర్టుకు ఆర్నెల్ల గడువుండాలంటే అప్పటికే కొత్తది తీయించుకుంది పెట్టెమ్మ. ఫొటోలో చెవులు కనబడాలంటే జుట్టు వెనక్కి లాగి కట్టుకుని దిగింది. తిరుగు టికెట్టు చూపించమంటే, "వస్తామన్న సంతోషం కన్నా తిరిగి పోమేమోనన్న దిగులే ఎక్కువగా ఉంది వీళ్లకి," అని నవ్వి అదీ కొనేసింది. ఇన్ని గడపలు దాటి వేలి దగ్గర బోర్లా పడింది.

ఆవిడ వెళ్లాలనుకున్నది మంచు కురిసే దేశానికి. పెళ్లయిన మర్నాటి నుంచీ కాలే ఇస్త్రీపెట్టె ముందు నిలబడ్డ మనిషి. ఒక్కసారి మంచులో నిలబడి రావాలని పంతం పట్టింది. తోడు వదిన. అంటే మొగుడి అక్క, బడిలో గంట కొట్టి రిటైరైన మనిషి. ఆవిడ వేళ్లు మొదటిసారే పడ్డాయి.

"నువ్వు లేకుండా నేను విమానం ఎక్కను," అని తేల్చేసింది వదిన. "భాష రాని చోట పోట్లాడ్డానికైనా ఒక మనిషుండాలి కదే!"

సంగతి విని మొగుడు పెదవి విరిచాడు. "వేళ్లకి కూడా ఇస్త్రీ చేసేసుకున్నావన్నమాట. మంచే కావాలంటే ఫ్రిజ్ తలుపు తీసి నిలబడవే, వీసా అడగదు."

"రేపట్నుంచి పెట్టె నువ్వు పట్టు," అంది పెట్టెమ్మ.

అతను సైకిలు మీద మూటలు మోసినవాడే తప్ప ఏనాడూ పెట్టె పట్టినవాడు కాడు. నవ్వబోయి, ఆమె మొహం చూసి తలూపాడు.

వేళ్లు అరగడానికి కారణం పని ఒక్కటే కాదు, ఒక అలవాటు కూడా. నాలుక మీద వేలు తడి చేసుకుని పెట్టె అడుగుకు టక్కున తాకించి వేడి చూస్తుంది. చుయ్‌మన్న తీరును బట్టి ఇది నూలుకు, ఇది పట్టుకు అని తెలిసిపోతుంది. ఈ వేలు మండితే ఆ వేలు. అలా పదీ అరిగిపోయాయి.

మర్నాడు చేతులకు నూలు తొడుగులు వేసుకుని స్టూలు మీద కూర్చుంది. పక్కనే వదిన, చేతిలో బడినాటి చెక్క స్కేలు. "వేడి సరిపోయిందేమో చూడవే," అన్నాడు మొగుడు. ఆమె చెయ్యి తొడుగు విప్పుకుని దానంతటదే పెట్టె మీదికి పోయింది. మెటికల మీద స్కేలు పడింది.

"అబ్బా, వదినా!"

"ఇన్నేళ్లు పిల్లల్ని దారిలో పెట్టాను. నువ్వెంత?"

ఆ వారంలోనే ఒక డ్రైవరు తెల్లచొక్కా జేబు మాడింది. పెట్టెమ్మ కొత్త చొక్కా కొనిచ్చి క్షమించమని అడిగింది. అతను వెళ్లాక మొగుడు పెట్టె ఠపీమని దించాడు.

"నా వల్ల కాదు. ఒక్కసారి వేలు పెట్టి చెప్పవే, నీ సొమ్మేం పోయింది?"

"పోయేది నా ప్రయాణం."

వదిన స్కేలు ఎత్తింది, కానీ అవసరం పడలేదు. పెట్టెమ్మ చెంచాతో నీళ్లు తెమ్మని, పెట్టె వాల్చి అడుగు మీద రెండు చుక్కలు వేయమని మొగుడికి చెప్పి, కళ్లు మూసుకుని చెవి ఒగ్గింది.

"కొంచెం తగ్గించు... ఇంకా... ఇప్పుడు రుద్దు."

చొక్కా మాడలేదు. ఆ తరవాత చెంచా లేకుండా అతను పెట్టె ముట్టలేదు. మూడు వారాలూ ఆమె పెట్టె తాకలేదు, అంట్లు తోమలేదు. అవీ మొగుడికే వచ్చాయి. "నేనే నయం, నాకు వేళ్లున్నాయి," అని గొణుక్కుంటూ తోమాడు.

మళ్లీ గాజు పలక. ఎడమచేతి వేళ్లన్నీ పచ్చగా వెలిగాయి. కుడిచేతిలో నాలుగే. చూపుడువేలు ఎంత నొక్కినా ఎర్రగానే ఉండిపోయింది.

"తొమ్మిది," అంది పెట్టెమ్మ. "చాలవా?"

"సరిపోతాయమ్మా. ఆ ఒక్కదానికీ కారణం రాసి పంపిస్తాను." అమ్మాయి రసీదు ఇస్తూ ఆగింది. "కానీ ఒక మాట. వీసా వచ్చినా, అక్కడ దిగగానే ఈ వేళ్లే మళ్లీ పెట్టించి పోల్చి చూస్తారు. అప్పటిదాకా జాగ్రత్త."

కొట్టుకొచ్చేసరికి మొగుడు చెంచా పక్కన పడేసి, పెట్టె ఆమె వైపు తోశాడు. "పడ్డాయా? పట్టు మరి. నా నడుం విరిగింది."

పెట్టెమ్మ తొడుగులు మళ్లీ వేసుకుని స్టూలు మీద కూర్చుంది.

"విమానానికి ఇంకా నెలన్నరుందయ్యా. ఆ నీలం చొక్కా సాయంత్రానికి కావాలట. చుక్క వెయ్యి, వింటాను."