రాహేలమ్మ అరచెయ్యి

బాపట్లలో మా వీధి పసిపిల్లలందరికీ స్నానం చేయించేది రాహేలమ్మ. పీట మీద కూర్చుని కాళ్లు చాపి, బిడ్డను వాటిమీద పడుకోబెట్టుకునేది. నీళ్లు మొహాన పడకుండా నుదుటికి అరచెయ్యి అడ్డుపెట్టేది. మా ఆరు నెలల పాప ఆ కాళ్లమీదే నిద్రపోయేది. బీఎస్సీ చదివిన నేను మాత్రం నీళ్ల వేడి గురించి రోజూ కంగారుపడేదాన్ని.

అరవై ఐదులో బర్మా నుంచి ఓడల్లో తిరిగొచ్చిన మనవాళ్లకు చోటివ్వమని చర్చి పెద్దలు అడిగారు. అలా రాహేలమ్మ ఇంటికి బర్నబాస్ వచ్చాడు. దాచిన సొమ్ము చూపమని బర్మా లాకప్పులో కొట్టారని తప్ప ఇంకేమీ చెప్పేవాడు కాదు.

ఆదివారం ప్రార్థనకు తీసుకెళ్లాలని, శనివారం ఆమె అతనికి తలంటు ఏర్పాటు చేసింది. మన ఇళ్లలో మర్యాదే కదా. కుంకుడు రసంతో తల రుద్ది, కళ్లు మూసుకోమని, వెనకనుంచి చెంబుడు నీళ్లు కుమ్మరించింది. అతనికి ఊపిరి అందలేదు. తడిబట్టలతోనే రైలు స్టేషనుకు పరుగెత్తాడు. ఆమె వెంట వెళ్లి పక్కన కూర్చుంది. లాకప్పులో మొహానికి గుడ్డ కప్పి నీళ్లు పోసేవాళ్లని అప్పుడు చెప్పాడట. ఆమెతో ఇంటికి తిరిగొచ్చాడు గాని, సోమవారం తెనాలి మీదుగా రేపల్లె వెళ్లిపోతానన్నాడట. తాతల ఊరు అటే. అక్కడ అతన్ని ఎరిగినవాళ్లెవరూ లేరు.

“చంటిపిల్లలకు అడ్డం పెట్టే చెయ్యి ఆ పిల్లాడికి పెట్టలేకపోయానమ్మాయ్,” అంది రాహేలమ్మ ఆ సాయంత్రం నాతో. మర్నాడు పాప స్నానం తన పెరట్లో, అతని ఎదుట చేయిస్తానంది.

నాకు భయం వేసింది. అతను వణికి పాపమీద పడితే?

“దానివల్ల అతనికేం తగ్గుతుందండీ?” అన్నాను.

“నాకేం తెలుసు? చదువుకున్నదానివి, నువ్వు చెప్పు.”

అయినా ఎందుకో మర్నాడు పాపని తీసుకెళ్లాను.

అతను గోడ దగ్గరే నిలబడ్డాడు. “నా రెండు చేతులూ పాపమీదున్నాయి. చెంబు అందుకో అబ్బాయ్,” అంది రాహేలమ్మ. నేను లేవబోయి ఆగాను. అతను చెంబు ఎత్తేసరికి సగం నీళ్లు ఒలికిపోయాయి.

“నేలకి తర్వాత పోద్దువుగాని. ముందు పిల్లకి పొయ్యి.”

మిగిలినవి పాప పాదాలమీద పోశాడు. పాప కాళ్లు ఆడించింది. అతను నావైపు తిరిగి, “వేడి ఎక్కువైందాండీ?” అని అడిగాడు. నీళ్లలో చెయ్యి పెట్టాను. చెమటపట్టిన చేతికి వేడిగా ఉన్నాయో చల్లగా ఉన్నాయో తెలియలేదు. సరిపోయిందన్నాను.

సోమవారం బండి వెళ్లిపోయింది. అతను ఉండిపోయాడు. తలమీద మాత్రం పోసుకోడు, తడిగుడ్డతో తుడుచుకుంటాడు. దీన్ని నయం కావడం అంటారో లేదో నాకు అర్థం కాదు. రోజూ పొద్దున్నే రాహేలమ్మ గోడ అవతలనుంచి పిలుస్తుంది:

“పాపని తీసుకురా అమ్మాయ్, బర్నబాస్ నీళ్లు కాచాడు.”