చింతగింజల ఓటు

చాటున వేసిన ఓటు న్యాయంగా పడుతుందని ఎవరైనా అంటే నాకు ఒళ్లు మండుతుంది. ఎదుట వేసే ఓటుకు భయం ఉంటుంది, మొహమాటం ఉంటుంది, కాదనను. చాటున అవేవీ ఉండవు కాబట్టి మనిషి అడుగున ఉన్న మడ్డి అంతా పైకి తేలుతుంది. ఈ మాట ఏ పుస్తకంలోనో చదివి చెప్పడం లేదు. మా ఊళ్లో చాటు ఓటు అనేదాన్ని మొట్టమొదట పెట్టినవాణ్ణి నేనే.

మా ఊరు జడ్చర్ల నుంచి అచ్చంపేట పోయే దారికి కాస్త లోపలగా ఉంటుంది. నిజాం రాజ్యం, రెండో ప్రపంచ యుద్ధం నడుస్తున్న రోజులవి. నాకు ఇరవై ఏళ్లు. బడిలో నాలుగు జమాతులు ఉర్దూ చదివాను. తెలుగు ఎవరూ నేర్పలేదు. పాత పత్రికల మీద వేలు పెట్టుకుని నాకు నేనే నేర్చుకున్నాను. ఆ పిచ్చితోనే ఇద్దరు స్నేహితులతో కలిసి ఒక గదిలో గ్రంథాలయం తెరిచాను. గ్రంథాలయం అంటే ఒక చెక్క బీరువా, రెండు చాపలు, పది రోజులు ఆలస్యంగా అందే పత్రికలు. జనాన్ని పోగు చెయ్యాలంటే సభ పెట్టాలి. సభ పెట్టాలంటే పోలీసు అమీను అనుమతి కావాలి. పాటలకైతే ఎవరి అనుమతీ అక్కర్లేదు. అందుకని జొన్న కోతలయ్యాక ఒక శుక్రవారం పాటల పోటీ పెట్టాం. కిరసనాయిలు దొరకని కాలం కనుక మధ్యాహ్నం పూటే.

మొదటి ఏడు తీర్పు చెప్పింది పట్వారి. బహుమతి శాలువా. పట్వారి అల్లుడు పద్యం నడుమ రెండుసార్లు దగ్గి, ఒకసారి మంచినీళ్లడిగి, ఆ శాలువా కప్పుకుని ఇంటికి పోయాడు. "అల్లుని దగ్గు గూడ రాగంలనే ఉండె" అని ఊరు వారం రోజులు నవ్వింది. నవ్వి ఊరుకుంది. నేను ఊరుకోలేదు.

రెండో ఏటికి బహుమతి పెద్దదైంది. జడ్చర్లలో బట్టల వ్యాపారం చేసే ఒకాయన హైదరాబాదుకు మకాం మారుస్తూ తన హార్మోనియం మా గ్రంథాలయానికి ఇచ్చిపోయాడు. మా ముగ్గురిలో ఎవరికీ అది వాయించడం రాదు. పోటీలో గెలిచినవాళ్ల ఇంట్లో ఒక ఏడాది ఉండాలి, మళ్లీ పోటీ నాటికి తెచ్చి అప్పగించాలి అని తీర్మానించాం.

ఆ సంగతి తెలిసిన మర్నాడే ఒకాయన గ్రంథాలయం కిటికీ దగ్గరికి వచ్చి నిలబడ్డాడు. ఊరు అంటరానిదని దూరం పెట్టిన వాడ మనిషి. ఊరి పటేలు బావి మీద ఎడ్లతో నీళ్లు తోడే మోట కొట్టడం, మోటకు తోలు కుట్టడం ఆయన పని. చిన్నప్పుడు మిషను దొర ఇంట్లో నౌకరీ చేసి అక్కడ హార్మోనియం నేర్చుకున్నాడట. దొర వెళ్లిపోయాడు, పెట్టె కూడా దొరతోనే పోయింది. నాకన్నా పదేళ్లు పెద్ద. ఇవాళ ఆయన అని రాస్తున్నాను. ఆనాడు వాడు అనే అన్నాను.

"గీ పోటీల మేం గూడ పాడొచ్చా, పటేలా?" అని అడిగాడు. ఊరి పటేలు వేరే ఉన్నాడు, మా కులంవాళ్లందరినీ వాడవాళ్లు అలాగే పిలిచేవాళ్లు.

"ఎందుకు పాడద్దు? పాటకు కులమేంది?" అన్నాను, నా మాట ఇంకెవరైనా వింటున్నారా అని చుట్టూ చూసుకుంటూ.

"గెలిస్తె పెట్టె మా ఇంటికి పంపుతరా?"

"ఎవలు గెలిస్తె వాళ్లింటికే."

"ఒక్క ఏడాది ఉంటె సాలు. చేతులకు ఇంక యాదికున్నది. ఇంకొన్నేండ్లు పోతె ఉండదు" అన్నాడు. కిటికీలోంచి పెట్టె వంక చూశాడు గాని లోపలికి రాలేదు. నేనూ రమ్మనలేదు.

ఇక తీర్పు సంగతి. పట్నాల్లో జనం చీటీలు వేసి మనుషుల్ని ఎన్నుకుంటారని పత్రికలో చదివాను. అదే మన ఊళ్లో ఎందుకు చెయ్యకూడదని కూర్చుని నియమాలు రాశాను. పాడేవాళ్లకు తప్ప, పాటలు మొదటి నుంచి చివరిదాకా విన్న ప్రతి మనిషికీ ఒక చింతగింజ. ఇంటి నుంచి ఇంకో గింజ తెచ్చి కలపకుండా దానికి సున్నం చుక్క. పాడేవాళ్లు ఎవరి కుండ వాళ్లే తెచ్చుకోవాలి. మేమిస్తే అడుగున ముందే నాలుగు గింజలు పోశామంటారు. కుండ మూతికి ఎవరి గుడ్డ వాళ్లే కట్టుకోవాలి. గుడ్డకు నడుమ చిన్న చిల్లు. లోపల ఎన్ని పడ్డాయో వెనకొచ్చేవాడికి కనబడకూడదు కాబట్టి ఆ చిల్లు గింజ కన్నా ఇరుకుగా ఉండాలి. వేలితో నొక్కితే గాని గింజ లోపల పడదు. కుండలన్నీ మా పశువుల కొట్టంలో వరసగా పెట్టి, గుమ్మానికి గొంగడి వేలాడగట్టాలి. ఒక్కొక్కరే లోపలికి పోవాలి.

ఇంత పకడ్బందీగా ఆలోచించినవాణ్ణి. కుండకు ఒక ఇల్లుంటుందని, ఆ ఇంటికి ఒక కులముంటుందని మాత్రం నాకు తట్టలేదు.

ఆయనకు తట్టింది. పోటీనాడు పొద్దున్నే కుండ పట్టుకొచ్చి కొట్టం బయట నిలబడ్డాడు. "పొద్దున్నే కుమ్మరాయన దగ్గర తెచ్చిన. ఇంట్లకు గూడ కొంచవోలె. సీద ఇటే వచ్చిన. గుడ్డ గూడ దుకాణంల కొత్తది చింపిచ్చుకున్న, పటేలా" అన్నాడు.

"కొత్తదైతేంది, పాతదైతేంది? నీ కుండ అయితె సాలు" అన్నాను.

ఆయన నా మొహం చూసి, కుండ మూతికి గుడ్డ బిగించి కట్టి కొట్టంలో వరస చివర పెట్టాడు.

అయిదుగురు పాడారు. నలుగురు మంచం మీద కూర్చుని, ఆయన కింద నిలబడి. అది కూడా మా ఘనతే అనుకున్నాం ఆ రోజు, నిలబడనిచ్చినందుకు. మా మేనమామ కొడుకు, నాకు బావ, నాటకం పద్యం ఎత్తుకున్నాడు. గొంతు పెద్దదే. మూడో పాదం మరిచిపోయి రెండో పాదమే మళ్లీ పాడాడు. ఎవరో వెనకనుంచి "బండి ఎనక్కొచ్చింది" అన్నారు. మా మామకు కోపం వచ్చింది.

చివర ఆయన పాడాడు. మోట కొడుతూ పాడుకునే పాటే. ఎడ్లు వెనక్కి నడిచేటప్పుడు ఒక నడక, ముందుకు లాగేటప్పుడు ఇంకో నడక. మధ్యలో నీళ్లు కాలవలో పడే దగ్గర గొంతు వదిలేస్తాడు. ఆ వదలడం ఉంది చూశారూ, దాన్ని నేను ఇప్పటికీ రాసి చూపలేను. చంకలో పిల్లలున్న ఆడవాళ్లు పిల్లల్ని జోకొట్టడం ఆపేశారు. మా పక్కింటి ముసలాయన కండువాతో కళ్లు తుడుచుకున్నాడు. పట్వారి కూడా తల ఊపాడు, ఊపి వెంటనే ఎవరైనా చూశారేమో అని సర్దుకున్నాడు. పోటీ అక్కడికి అయిపోయిందని నాకు తెలుసు. అందరికీ తెలుసు.

గింజలు పంచాం. ఊరివాళ్లకు చేతిలో పెట్టాం. దూరంగా గోడ దగ్గర నిలబడి విన్న వాడవాళ్లకు దోసిట్లో పైనుంచి జారవిడిచాం. వాళ్లకు పంచింది నేనే, పదకొండు మంది. ఊరివాళ్లు వేశాకే వాళ్లు లోపలికి పోవాలని పెద్దలన్నారు. సరే అన్నాం. ఎవరు ముందు వేసినా ఓటు ఓటే కదా అని నాకు నేను చెప్పుకున్నాను.

కొట్టం గుమ్మం దగ్గర నేను కూర్చున్నాను. పక్కింటి ముసలాయన వంతు వచ్చింది. గింజ పట్టుకుని లోపలికి తొంగిచూసి నా దగ్గరికి వంగాడు.

"ఒరేయ్, గా కొసకున్న కుండ గుడ్డ జర ఊడదియ్యి. పైనుంచి ఏస్త."

"ఊడదీస్తె నియమం పోతది, పెదనాయినా. నియమం అందరికి ఒకటే."

"నియమం అందరికి ఒకటేరా. ఏలు నాది గద."

"కొత్త కుండనే, పెదనాయినా."

"కుండ కొత్తదే. తెచ్చిన చెయ్యి?"

నేను తల అడ్డంగా ఊపాను. ఆయన లోపలికి పోయి వచ్చాడు.

"ఏసినవా?" అన్నాను.

"ఏసిన. యాడ ఏసిన్నో అడుగుడు నీ నియమంల లేదు గద" అని నవ్వుకుంటూ పోయాడు.

ఆ క్షణాన నేను లేచి అయిదు కుండల గుడ్డలూ పీకి పారేస్తే అయిపోయేది. గింజ పైనుంచి వదిలితే ఎవడి వేలూ మైలపడదు. ఆయన గెలిచేవాడు. నాకు అడ్డం వచ్చిందేమిటో తెలుసా? నా నియమం. నేను స్వయంగా ఆలోచించి నా చేత్తో రాసిన మొదటి నియమం. దాన్ని చెరుపుకోవడం నాకు ఇష్టం లేకపోయింది.

ఊరివాళ్లు అయ్యాక మా ముగ్గురి వంతు. మొదట ఇద్దరు పోయి వచ్చారు. తర్వాత నేను. లోపల ఎవరూ లేరు. గొంగడి పడిపోయింది. నాలుగు కుండల గుడ్డలు వేలి మచ్చలు పడి, చిల్లు దగ్గర లోపలికి కుంగి, నలిగిపోయి ఉన్నాయి. అయిదో కుండ గుడ్డ తెల్లగా, పొద్దున ఆయన కట్టినప్పుడు ఎంత బిగువుగా ఉందో అంతే బిగువుగా ఉంది. ఒక్క మచ్చ లేదు. చూడగానే అర్థమైపోయింది. నేను నొక్కితే ఆ గుడ్డ మీద మొదటి మచ్చ నాదే అవుతుంది.

అక్కడ నన్ను చూసేవాళ్లు లేరు. అడిగేవాళ్లు లేరు. పాటకు కులమేంది అన్న నోరు నాదే. నేను నా గింజను బావ కుండలో నొక్కి బయటికి వచ్చాను. ఎందుకు నొక్కావంటే ఆ పూట నా దగ్గర జవాబులున్నాయి. ఒక్క గింజతో ఆయన ఎలాగూ గెలవడు. బావ గొంతు పెద్దది. మామ మొహం చూడాలి. ఇవన్నీ గుమ్మం దాటే లోపలే తయారయ్యాయి. పిరికితనానికి ఉన్నంత చురుకు తెలివికి ఉండదు.

తర్వాత వాడవాళ్లు పోయి వేసి వచ్చారు. అందరి ముందూ కుండలు తెచ్చి, గుడ్డలు విప్పి గింజలు గుమ్మరించాం; ఆయన కుండను మాత్రం ఆయన చేతనే తెప్పించాం. బావకు నలభై దాటాయి. ఆయన తన కుండ గుమ్మరించాడు, గింజలు ముట్టుకోకుండా నేనే లెక్కపెట్టాను. పదకొండు.

మేం ముగ్గురం ఒకరి మొహం ఒకరం చూసుకోలేదు. వాడకు పంచినవి పదకొండు, కుండలో ఉన్నవి పదకొండు. అంటే గ్రంథాలయం పెట్టిన ముగ్గురిలో ఒక్కడి గింజ కూడా అందులో లేదు. నాకన్నా ముందు పోయిన ఇద్దరూ వెనకొచ్చేవాడు వేస్తాడులే అనుకున్నట్టున్నారు; మచ్చ లేని గుడ్డను చూసిన నాకు ఆ సాకు కూడా లేదు.

అప్పుడు ఊరి పటేలు తన కుర్చీలోంచి లేవకుండానే అన్నాడు.

"సూసిన్రా? వాళ్లోళ్లు వాళ్లోనికే ఏసుకున్నరు. పాట సూడలె, కులం సూసిన్రు. గిట్లయితె ఓటు ఎందుకు, న్యాయమెందుకు?"

ఊరంతా తల ఊపింది. ఊపిన తలల్లో కళ్లు తుడుచుకున్న ముసలాయన తల కూడా ఉంది. నిజం చెప్పాలంటే, ఆ రోజు పాట విని గింజ వేసినవాళ్లు ఆ పదకొండు మందే.

ఆయన ముందుకు వచ్చి తన కుండ తీసుకున్నాడు. విప్పిన గుడ్డ మడతపెట్టాడు.

"లెక్క సక్కగనే ఉన్నది, పటేలా" అన్నాడు నాతో. "కుండ నేను తీస్కపోత. మీ అక్కరకు రాదు గద."

హార్మోనియం మా బావ ఇంటికి పోయింది. బావకు వాయించడం రాదు. నేర్చుకుంటానని నాలుగు రోజులు మెట్లు నొక్కాడు. తర్వాత దాని మీద మిరపకాయల బుట్ట పెట్టారు. వానలు పడ్డాక ఎలుకలు తిత్తి కొరికాయి. గాలి నిలవడం మానేసింది.

"తోలు పని గద. గా మోట కుట్టెటోనికే ఇయ్యి" అన్నాడు బావ.

ఎవరూ వద్దనలేదు. అత్త వద్దనలేదు, మామ వద్దనలేదు. బహుమతిగా ఆయన గడప ఎక్కకూడని పెట్టె పనిగా ఎక్కడానికి ఎవరికీ ఏ అభ్యంతరమూ లేకపోయింది. నేనే జీతగాని నెత్తిన పెట్టించి వాడకు పంపాను.

ఎనిమిదో రోజు తెచ్చుకోవడానికి నేనే పోయాను. ఆయన ఇంటి ముందు రాతి మీద పెట్టె ఉంది. తిత్తికి పల్చటి మేకతోలు వేసి, దారం కనబడకుండా కుట్టాడు.

"అయ్యిందా?" అన్నాను.

"అయ్యి నాలుగొద్దులాయె."

"మరి చెప్పి పంపకపోతివి?"

"పంపలె" అన్నాడు. ఏడాది అడిగిన మనిషికి దక్కినవి ఆ నాలుగు రోజులే.

తర్వాత, "గాలి పోతలేదని మీకు నమ్మకం గావాలె గద" అని రాతి పక్కన కూర్చుని వాయించాడు. మోట పాటే. ఎడ్లు వెనక్కి నడిచేది వేళ్ల మీద వచ్చింది, ముందుకు లాగేది వచ్చింది. నీళ్లు పడే దగ్గర తిత్తి మీద చెయ్యి తీసేశాడు. ఉన్న గాలితోనే స్వరం మెల్లగా ఆరిపోయింది. మూత వేసి, గుడ్డతో తుడిచి లేచాడు. కూలి ఏమిమ్మంటావు అని అడిగాను. ఆయన లోపలికి పోయాడు. మళ్లీ బయటికి రాలేదు.

పెట్టె నేనే ఎత్తుకుని మామ ఇంటికి మోసుకొచ్చాను. అత్త గడప దగ్గరే ఆపింది.

"ఆగు అల్లుడా, అట్లనే లోపటికి తేకు" అని చెంబులో పసుపునీళ్లు కలిపి తెచ్చింది. పెట్టె మీద చల్లింది, మెట్ల మీద చల్లింది, కొత్త తోలు మీద చల్లింది. తోలు తడిస్తే పాడవుతుందని తెలిసి కూడా పెట్టె ఆమె ముందుకు వంచి పట్టుకున్నాను.

"నీ చేతులు గూడ సాపు" అంది.

పెట్టె కింద పెట్టి, రెండు చేతులూ చాపాను.