మూరెడు మేస్త్రి, వేలి మందం ఇటుక

మూరెడు మేస్త్రి ఎవరింటికి వెళ్లినా ముందు పలకరించేది మనుషుల్ని కాదు, గోడల్ని. గుమ్మంలో చెప్పులు విప్పుతూనే వేలి మెటికతో గోడ మీద టకటకా కొట్టి, చెవి దగ్గరగా పెట్టి వినేవాడు. మోత నిండుగా వస్తే ఆ ఇంటివాళ్లు మంచివాళ్లు. డొల్లగా వచ్చిందా, వాళ్లు ఇచ్చిన టీ కూడా సగం తాగి వదిలేసేవాడు. పెళ్లిచూపులకి మా ఇంటికి వచ్చిన రోజు కూడా ఈయన నా మొహం చూడలేదు, మా నాన్న కట్టించిన గోడ చూశాడని ఆయన భార్య అందరికీ చెప్పి నవ్వేది. ఆ గోడ గట్టిదై ఉండటం తన అదృష్టమో దురదృష్టమో ఇంకా తేలలేదని కూడా అనేది.

ఆ పేరు ఆయనకి ఊరికే రాలేదు. గోడంటే మూరెడు మందం ఉండాలన్నది ఆయన పట్టుదల. అంతకన్నా పలచగా కట్టమన్నవాళ్లని తడిక కట్టుకోమని చెప్పి, తాపీ సంచిలో పడేసుకుని ఇంటికొచ్చేసేవాడు. వయసులో ఉండగా తన జట్టుతో ఒక నాలుగంతస్తుల ఇల్లు కట్టాడు. దారానికి గుండు కట్టి వేలాడదీస్తే పై వరస నుంచి కింది వరస దాకా వెంట్రుక వాసి తేడా రాలేదు. ఆ ఇంట్లోనే మొదటి అంతస్తులో ఒక వాటా తీసుకుని కాపురం పెట్టాడు. తన చేత్తో కట్టిన గోడల మధ్య పడుకునే భాగ్యం ఎంతమంది మేస్త్రీలకి దక్కుతుందని మురిసిపోయేవాడు. నిజమే, చాలామందికి దక్కదు. అయితే ఆ భాగ్యం ఆయన భార్యకి బొత్తిగా పడలేదు.

వాళ్ల పడకగదికి ఉత్తరం వైపు గోడ ఉంది. చలికాలం రాగానే అది లోపలి వైపు చెమర్చేది. మూలల్లో నల్లటి బూజు పట్టేది. ఆవిడ పొడిగుడ్డ పెట్టి తుడిచేది, తెల్లారేసరికి మళ్లీ నీళ్లు దిగేవి. మంచాన్ని గోడకి దూరంగా గది నడిమధ్యకి లాక్కున్నారు. అయినా దగ్గు పట్టుకునేది, ఊపిరి పిల్లికూతలు పెట్టేది. పొడి గదిలో ఉండకపోతే ఊపిరితిత్తులు చెడతాయని డాక్టరు ఖచ్చితంగా చెప్పేశాడు. ఇంకేముంది, ఏటా చలి ముదరకముందే ఆవిడ సంచి సర్దుకుని వాళ్ల అక్క ఇంటికి వెళ్లిపోయేది. మళ్లీ ఎండలు ముదిరాకే రావడం. అన్నాళ్లూ మేస్త్రి ఒక్కడే నడిగదిలో మంచం మీద కూర్చుని బిక్కుబిక్కుమంటూ గోడ వైపు చూసేవాడు. చూస్తూ కూడా దాన్ని ఒక్క మాట అనేవాడు కాదు. తప్పు కిటికీది, వానది, పై వాటా వాళ్ల నీళ్లగొట్టానిది. గోడదని ఎవరైనా అంటే వాళ్లతో మాటలు బంద్.

ఆయన కోడలు వేరే ఊళ్లో పని నేర్చుకుని వచ్చి సొంతంగా జట్టు పెట్టుకుంది. పాత ఇళ్ల గోడలకి బయటి నుంచి చలి తగలకుండా ఉన్ని పలకలు తొడిగి, వాటి మీద పలచటి ఇటుక బిళ్లలు అంటించడం వాళ్ల పని. ఆ ఇంట్లో వాటాలవాళ్లందరూ కూర్చుని మాట్లాడుకుని, మన ఇంటికీ చేయిద్దామని ఆ అమ్మాయికే పని అప్పగించారు. మేస్త్రి ఒక్కడే అడ్డం తిరిగాడు. ఇటుక గోడకి ఇటుక బొమ్మ తొడగడమేమిటని, మనిషికి మనిషి ముసుగు వేసినట్టుందని సభలో అరగంట ఉతికి ఆరేశాడు. ఎవరూ చెవిన వేసుకోలేదు.

ఆ సాయంత్రం కోడలు ఇంటికొచ్చి, మామగారి ఎదురుగా చల్లటి నీళ్ల గ్లాసు ఒకటి పెట్టింది. కాసేపటికి గ్లాసు బయట నీటిబొట్లు పేరుకున్నాయి.

"గ్లాసు కారుతోందా, మామయ్యా?" అని అడిగింది.

"కారడమేంటమ్మా, చల్లగా ఉంది కాబట్టి చెమట పట్టింది."

"మీ గోడా అంతే. మందానికేం లోటు లేదు, కాని చల్లగా ఉంది. ఆ నీళ్లు వానవీ కావు, గొట్టానివీ కావు. అత్తయ్య వదిలే ఊపిరే ఆ గోడకి తగిలి నీళ్లయిపోతోంది. ఆ నీటికే బూజు పడుతోంది. మళ్లీ ఆ బూజు గాలే అత్తయ్య పీలుస్తోంది."

మేస్త్రి ఎన్ని చలికాలాలు ఆ చెమ్మని చూశాడో! అందులో ఉన్నది తన భార్య ఊపిరని ఎన్నడూ తట్టలేదు. ఆవిడ వంటింట్లో దగ్గుతోంది. ఆయనకి తల కొట్టేసినట్టయింది. లేచి పడకగదిలోకి వెళ్లి గోడ మీద చెయ్యి వేశాడు. ఈసారి మెటికతో కొట్టలేదు.

తిరిగొచ్చి ఒక్కటే అడిగాడు. పడకగది బయటి గోడ వరకూ పని తనకి ఇవ్వమన్నాడు. చెప్పినట్టు చేస్తానంటేనే ఇస్తానంది కోడలు. ఆయన తలూపాడు. జన్మలో ఎవరి మాటకీ ఊగని తల అది.

ఉన్ని పలకలు దిగిన రోజు ఆయన మొహం చూడాల్సిందే. గుమ్మమంత పలకని కోడలు పుస్తకం ఎత్తినట్టు ఎత్తి చేతిలో పెట్టింది. ఇది దేనితో చేశారని అడిగితే రాయితో అంది. రాయిని కొలిమిలో కరిగించి, బెల్లం పాకం తీగ సాగినట్టు దారాలు సాగదీసి, ఆ దారాలని పలకలుగా ఒత్తుతారట. మేస్త్రి ముందు నమ్మలేదు. ఎగతాళి చేస్తోందనుకున్నాడు. ఆమె చిన్న ముక్క తుంచి, గ్యాసు లైటరు మంట దాని మీదకి తిప్పింది. మంట తగిలిన చోట ముక్క ఎర్రబడింది, అంతే. అంటుకోలేదు, కరగలేదు. మంట తీశాక వెనక వైపు ముట్టుకోమంది. వెనక చల్లగా ఉంది. మేస్త్రి ఆ ముక్కని అటు తిప్పి ఇటు తిప్పి, ముక్కు దగ్గర పెట్టుకుని వాసన చూసి, చివరికి జేబులో వేసుకున్నాడు. జీవితమంతా రాయీ మట్టీ మోసిన మనిషి. రాయి దూదిలా చేతిలో నిలవడం ఆయనకి మాటల్లో పెట్టలేని ఆశ్చర్యం. ఆ వారమంతా కనిపించినవాళ్లకల్లా ఆ ముక్క చూపించి, ఇది రాయి, నమ్ముతావా అని అడిగాడు. నమ్ముతామన్నవాళ్లనీ నమ్మమన్నవాళ్లనీ సమానంగా విసిగించాడు.

పలకలు గోడకి బిగించడానికి డ్రిల్లు పెట్టినప్పుడు మాత్రం తన పన్నే తొలుస్తున్నట్టు కళ్లు మూసుకున్నాడు. పలకల మీద వల పరిచి, దాని మీద గట్టి పూత పూశారు. అది ఆరాక ఇటుక బిళ్లల పెట్టెలు విప్పారు. తీరా చూస్తే అవి బొమ్మలు కావు. అసలైన మట్టి, ఆవంలో కాలిన ఎరుపు, అక్కడక్కడా మసి మచ్చ. మందం మాత్రం వేలంత. మూలలకి వేరే బిళ్లలున్నాయి, రెండు వైపులా తిరిగి ఒకే ఇటుకలా కనిపించేవి. వాటిని మూలన ఆనించి చూస్తే, వెనక నిండు ఇటుక ఉందని మేస్త్రి కళ్లే మేస్త్రిని మోసం చేశాయి. దూరంగా వెళ్లి చూశాడు. దగ్గరికొచ్చి చూశాడు. ఎవరు చేశార్రా దీన్ని అని తనలో తనే అనుకున్నాడు. తిట్టినట్టు లేదు, దణ్ణం పెట్టినట్టుంది.

రంగు ఒకేచోట గుట్టపడకుండా నాలుగైదు పెట్టెల్లోంచి కలిపి తియ్యాలని కోడలు చెప్పింది. పళ్ల తాపీతో గోడకి జిగురు గీతలుగా పుయ్యాలని, బిళ్ల వెనక కూడా పలచగా రాయాలని, అదిమి కొంచెం అటూ ఇటూ కదపాలని చూపించింది. వానలొచ్చేలోగా గోడ మూసెయ్యాలంది. ఉన్ని తడిస్తే వెచ్చదనం పోతుంది, దానికి ఇటుకే గొడుగు. వానల తర్వాత చలి ముదిరితే జిగురు పట్టదు, పని ఎండాకాలం దాకా ఆగిపోతుంది. అప్పుడు అత్తగారి సంచి సంగతి ఎవరూ చెప్పనక్కర్లేదు.

అంతా విన్నాడు. చెప్పినదంతా చేశాడు. చెప్పనిది కూడా ఒకటి చేశాడు.

ఇటుకని కట్టే ముందు నీళ్లలో నానబెట్టడం ఆయనకి ఊపిరి తియ్యడం లాంటిది. పొడి ఇటుక సిమెంటులో నీళ్లు తాగేస్తుంది, గోడ బలహీనపడుతుంది. అందుకని ముందే ఇటుక దాహం తీర్చాలి. ఏ తాపీమేస్త్రి కూడా దీన్ని ఎవరికీ చెప్పడు, ఎవరినీ అడగడు. కోడలు పక్కవీధి పనికి వెళ్లగానే ఆయన ఒక తొట్టి నింపి బిళ్లలన్నీ అందులో ముంచాడు. బుడగలు రావడం ఆగేదాకా ఆగాడు. తీసి, వరసలు దారం పట్టినట్టు అంటించాడు. పొద్దువాలేసరికి పడకగది గోడ సగానికి పైగా ఎర్రగా నిలబడింది. మీసం మీద చెయ్యి వేసుకుని కిందకి దిగాడు. మనలో మాట, ఆ పూట మెట్లు దిగిన తీరు చూస్తే ఆయనకి వయసు సగం తగ్గిందనిపించింది.

పొద్దున్నే పరంజా ఎక్కేసరికి చెక్కల మీద బిళ్లలు రాలి ఉన్నాయి. గోడ మీద మిగిలినవాటిని మెటికతో తట్టాడు. తట్టినవి తట్టినట్టే చేతిలోకి ఊడి వచ్చాయి.

కోడలు వచ్చి, రాలిన బిళ్ల వెనక్కి తిప్పి చూసింది. జిగురు మొత్తం గోడకే ఉండిపోయింది, బిళ్లకి చుక్క కూడా లేదు. మూలనున్న నీళ్ల తొట్టి వైపు చూసింది. కోప్పడితే బాగుండునని మేస్త్రి అనుకున్నాడు. ఆమె కోప్పడలేదు.

"తప్పు నాది, మామయ్యా. నానబెట్టొద్దని చెప్పాలని నాకు తట్టలేదు. దీనికి కడుపు నిండా నీళ్లు పోస్తే జిగురు ఎక్కడికి దిగుతుంది? సన్నటి రంధ్రాలన్నీ నీళ్లతోనే నిండిపోయాయి. దాహంతో ఉండాలి, అప్పుడే జిగురుని లోపలికి లాక్కుని పట్టుకుంటుంది."

మేస్త్రి ఆ బిళ్లని అందుకుని వెనక్కీ ముందుకీ తిప్పి చూశాడు. ఇన్నేళ్లూ తను ఇటుకకి చేసిన ఉపకారమే దీనికి అపకారమైంది. సిగ్గు పడాల్సిన చోట ఆయనకి వింత పట్టుకుంది. చిన్నపిల్లాడిలా అడిగాడు, అయితే దాహమే మంచిదా అని.

"దీనికి మంచిదే."

మబ్బులు కమ్ముతున్నాయి. ఎవరినీ చెయ్యి వెయ్యనివ్వకుండా మిగిలినవి ఆయనే ఊడదీశాడు. గట్టిపడిన జిగురు గీకాడు. గోడని శుభ్రంగా తుడిచి, కొత్త పెట్టెలు విప్పి, పొడి బిళ్లలు ఏరుకున్నాడు. ఇంట్లో ఆయన భార్య అప్పటికే సంచి మంచం మీద పెట్టి శాలువాలు మడతపెడుతోంది. కిటికీలోంచి అది కనిపిస్తూనే ఉంది. ఆయన ఒక్కసారి కూడా ఆ వైపు తల తిప్పలేదు.

ఈసారి జిగురు ఆరాక కోడలు ఒక బిళ్లకి కొక్కెం బిగించి లాగమంది. మేస్త్రి పరంజాకి కాలు తన్నిపెట్టి, బలమంతా పెట్టి లాగాడు. మెడ నరాలు పొంగాయి. చివరికి వచ్చింది. బిళ్ల ఒక్కటే రాలేదు, వెనక జిగురుతో, పూతతో, చిరిగిన ఉన్ని పోగులతో సహా వచ్చింది. జిగురు మాత్రం బిళ్లని వదల్లేదు. రాతి ఉన్ని చిరిగింది గాని మట్టి బిళ్ల పట్టు వదల్లేదు. మేస్త్రి ఆ ముద్దని రెండు చేతుల్లో పట్టుకుని నోరు వెళ్లబెట్టాడు. మూరెడు మందం కట్టినప్పుడు ఒకదాని బరువు ఒకటి మోస్తూ ఇటుకలు నిలబడతాయి, అందులో వింత లేదు. ఇది కింద ఆసరా లేకుండా, వేలి మందాన గాలిలో వేలాడుతూ ఇంత పట్టు పట్టింది. కళ్లు చెమర్చాయి. దుమ్ము పడిందని చెప్పాడు, ఎవరూ కాదనలేదు.

ఆ చోట కొత్త ఉన్ని, కొత్త బిళ్ల పెట్టి, సందుల్లో గార దట్టించి, గీతలు తీర్చి కిందకి దిగిన సాయంత్రమే వాన మొదలైంది. నీళ్లు ఎర్ర బిళ్లల మీద నుంచి జారి నేలకి చేరడం గొడుగు కింద నిలబడి చూశాడు. లోపలికి రమ్మని భార్య రెండుసార్లు కేకేసింది.

వానలు వెళ్లి చలి దిగింది. అక్క బయల్దేరమని కబురు పెట్టింది. ఇంకొక్క రోజు చూద్దామని మేస్త్రి బతిమాలాడు. మర్నాడు ఇంకొక్క రోజన్నాడు. సంచి మూలన అలాగే ఉంది. ఒక పొద్దున వీధిలో నీటిగుంటలు గడ్డకట్టాయి, కిటికీ బయట పిట్టగోడ తెల్లగా మంచు పట్టింది. ఏటా గోడ నిలువునా చెమర్చే పొద్దు అది.

మేస్త్రి భయంభయంగా లేచి ఉత్తరపు గోడ మీద అరచెయ్యి వేశాడు. పొడిగా ఉంది. చెయ్యి కిందకి జరిపి, బూజు పట్టే మూల దాకా తడిమాడు. అక్కడా పొడే. చల్లగా కూడా లేదు, ఎవరో ఇప్పటిదాకా ఆనుకుని కూర్చుని లేచినట్టు గోరువెచ్చగా ఉంది. చెయ్యి తియ్యబుద్ధి కాలేదు. వెనక మంచం మీద ఆవిడ నిద్రపోతోంది. ఊపిరి చప్పుడు వినపడలేదు. కంగారుపడి వంగి చూశాడు. రొమ్ము మెల్లగా లేస్తోంది, దిగుతోంది. చలికాలంలో పిల్లికూతల్లేని ఊపిరిని ఆ గదిలో ఆయన వినడం అదే మొదలు.

ఆవిడ కళ్లు తెరిచి, పొద్దున్నే గోడతో ఏం మంతనాలని అడిగింది.

"ఇన్నేళ్లూ నా గోడే నిన్ను ఏడిపించింది. నేనేమో దాన్నే వెనకేసుకొచ్చాను," అన్నాడు.

ఆవిడ లేచి వచ్చి, ఆయన చెయ్యి పక్కన తన చెయ్యి ఆనించింది. కాసేపు అలాగే ఉంచింది.

"గోడని ఏమనకండి. పాపం, దానికి చలేసింది," అంది.

తర్వాత మంచం గోడకి జరపమంది. ఇద్దరూ చెరో వైపు పట్టుకుని జరిపారు. నడిగదిలో ఇన్నేళ్లుగా మంచం కోళ్లు నిలిచిన చోట నేల మీద గుర్తులు మిగిలాయి. ఆవిడ గోడకి వీపు ఆనించి కూర్చుని, సంచి ఇలా ఇవ్వమని అడిగి, శాలువాలు ఒక్కొక్కటే బయటికి తీసింది.